డీజిల్ ట్యాంకు మీద లక్కముద్ర

మా ఆయన ఎలీషా ఇరవయ్యారేళ్ళు స్టీరింగు పట్టుకుని బతికారు. అందులో చివరి పదకొండేళ్ళు మాణిక్యాలరావుగారి పికప్ మీదే. మాణిక్యాలరావుగారిది కొత్తపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారం. కురిడీ అంటే అటక మీద ఏడాదిపాటు ఉంచితే లోపలి నీళ్ళన్నీ ఇంకిపోయి, ఊపితే గలగలమనే కాయ. ఆ బస్తాలు వారానికి మూడుసార్లు ఎత్తించుకుని, రావులపాలెం మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో దింపి రావడం ఆయన పని.

ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి, కిందికి దిగి, బానెట్ మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడేవారు. జ్వరమొచ్చిన పిల్లల నుదురు అలా చూస్తారు. మాకు పిల్లలు లేరు. బండికి పదిహేడేళ్ళు. ఎడమ తలుపుకి హ్యాండిల్ లేదు, ఉన్న వైపరు ఒక్కటే, సీటులో స్ప్రింగు పైకి పొడుచుకొస్తే మడిచిన గోనె వేసుకుని కూర్చునేవారు. అయినా, "ఒళ్ళు ముసలిదైంది గానీ మరియా, ఇంజను మాత్రం మాట తప్పదు," అనేవారు.

కురిడీ బస్తాల మూతికి లక్కముద్ర వెయ్యడం మాణిక్యాలరావుగారింట్లో తాతల నాటి అలవాటు. బస్తా కుట్టేశాక ముడి మీద లక్క కరిగించి పోసి, వేడిగా ఉండగానే వేలి ఉంగరంతో అద్దుతారు. దారిలో ఎవరైనా బస్తా విప్పితే తెలిసిపోతుంది. కిందటేడు ఉగాది వెళ్ళాక ఆయనకి ఎవరో చెప్పారు, డ్రైవర్లు దారిలో డీజిలు లాగి అమ్ముకుంటున్నారని. మర్నాడే డీజిల్ ట్యాంకు మూతకి ట్వైను దారం కట్టించి, దాని మీద లక్కపోసి ఉంగరం అద్దారు.

"నీ మీద అనుమానం కాదురా ఎలీషా. లోకం అలా ఉంది. కానీ ఈ సీలు మీద నీ చెయ్యి పడిందంటే మాత్రం ఆ రోజే తాళాలిచ్చి వెళ్ళిపోవాలి," అన్నారట.

"ఆయ్, అలాగేనండి," అని వచ్చేశారు ఈయన. అన్నం తింటూ నాకు చెప్పి నవ్వారు. బస్తాలతోపాటు తననీ సీలు వేశారని.

రెండు నెలలు ఏ గొడవా లేదు. మృగశిర కార్తెలో వానలు పడ్డాయి. లక్క తడిసి ఊడిపోతోందని మాణిక్యాలరావుగారు మూత మీద మందపాటి పాలిథిన్ కవరు కప్పించి, మెడ దగ్గర సైకిల్ ట్యూబు ముక్కతో నాలుగు చుట్లు బిగించి, లక్కముద్ర ఆ ముడి మీద వెయ్యడం మొదలెట్టారు. ఆ వారంలోనే బండి మొదటిసారి ఆగింది.

రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కిందట. ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టు బరువెక్కి, నాలుగు దగ్గులు దగ్గి, ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. ఫోన్ చేస్తే మాణిక్యాలరావుగారు మెకానిక్కు కొండయ్యని స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చారు.

"ఏవైందిరా?"

"లాగట్లేదండి. డీజిల్ అందట్లేదనిపిస్తందండి."

"నిన్న నేనే దగ్గరుండి నిండా పోయించేను కదరా. అందకపోడమేంటి?"

ఆయన ముందు చూసింది ఇంజను కాదు. తన చేత్తో సీలు కోసి, మూత తీసి, గుర్తులు పెట్టిన వెదురుపుల్ల ట్యాంకులో ముంచారు. డీజిలు ఉండవలసినంతా ఉంది. మూత తీసినప్పుడు చప్పుడేమైనా వచ్చినా, వంతెన మీద లారీల హోరులో ఎవరికీ వినబడలేదు. ఈలోగా కొండయ్య ఎక్కి సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దెబ్బకి అంటుకుంది.

"ఏదిరా జబ్బు?" అన్నారు మాణిక్యాలరావుగారు.

"ఇందాక నిజంగా ఆగిందండి."

"పుట్టింటోళ్ళు రాగానే నొప్పులు తగ్గిపోయిన కోడల్లా ఉందండి బాబూ," అన్నాడు కొండయ్య. అక్కడున్నవాళ్ళు నవ్వారట. మాణిక్యాలరావుగారు నవ్వలేదట.

పదిరోజులకి మళ్ళీ ఆగింది. మళ్ళీ వాళ్ళు వచ్చారు, మళ్ళీ సీలు కోసి పుల్ల ముంచారు, మళ్ళీ మొదటి దెబ్బకే అంటుకుంది. కొండయ్య షెడ్డులో డీజిల్ ఫిల్టరు మార్చాడు. పైపులన్నీ ఊడదీసి నోటితో ఊది చూశాడు. పంపులో గాలి చేరిందేమోనని గాలి తీశాడు. సీలు వెయ్యకుండానే అమలాపురం దాకా తోలుకెళ్ళి తెచ్చాడు. గుర్రంలాగా వెళ్ళిందన్నాడు.

ఆ తర్వాత ఈయన ఫోన్ చెయ్యడం మానేశారు. ఆగినచోట ఊరికే కూర్చునేవారు. గంట, గంటన్నర పోయాక దానంతటదే అంటుకునేది. రాజమండ్రి ఆలస్యంగా చేరితే ట్రాన్స్‌పోర్టువాళ్ళు మాణిక్యాలరావుగారికి చెప్పేవారు.

"గంటన్నర ఎక్కడ పడుకున్నావురా?"

"వంతెన మీదేనండి. బండి ఆగిపోయిందండి."

"నేనుంటే ఆగదు, కొండయ్యుంటే ఆగదు. నువ్వొక్కడివీ ఉంటేనే ఆగుద్దేం?"

మార్కెట్లో హమాలీలు 'వంతెన ఎలీషా' అని పేరు పెట్టారు. "వంతెనగారూ, టీ తాగుతారా, టీ తాగేక ఆగిపోతారా?" అనేవారు. ఇంటికొచ్చి ఈయన ఇవన్నీ చెప్పేవారు కాదు. ఆడబడుచు బేబి వాళ్ళింటాయన ఆ మార్కెట్లోనే పని చేస్తాడు గనక బేబి వచ్చి నాకు చెప్పేది.

ఆయన మాత్రం రోజూ ఆలోచించేవారు. ఎండకా? కాదు, వానలోనూ ఆగింది. బరువుకా? ఖాళీగా వస్తున్నప్పుడూ ఆగింది. చివరికి ఒక్క సంగతి తేలింది. ట్యాంకు నిండా పోయించిన రోజే తొందరగా ఆగుతోంది. సగం పోయించిన రోజు ఆగినా బాగా దూరం వెళ్ళాకే. దాచుకోవడం తెలియని మనిషి. ఇదేదో దొరికిందని సంబరంగా వెళ్ళి మాణిక్యాలరావుగారికే చెప్పారు.

"అయితే నిండా ఉన్న రోజే నీకు దారిలో పనుంటదన్నమాట," అన్నారు ఆయన.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఈయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. "పదకొండేళ్ళు మరియా. ఒక్కరోజు అబద్ధం చెప్పలేదు. బండి ఆగిందంటే ఆగిందనే కదా," అన్నారు. ఉద్యోగం పోతుందని కాదు ఆయన భయం. ఇంకో బండి దొరుకుతుంది. తన మాట మాటగా చెల్లడంలేదని.

శ్రావణంలో మా చర్చి పండగ వచ్చింది. భోజనాలకి పులిహోర మా వంతు. పదిహేను కిలోల నూనె డబ్బా తెచ్చి, మూల మీద మేకుతో ఒక చిల్లు కొట్టి, గిన్నెలోకి వంచాను. గుటగుటమని కొంచెం పడి ఆగిపోయింది. మళ్ళీ ఒక గుటక, మళ్ళీ ఆగింది. అవతలి మూలన రెండో చిల్లు కొడదామని మేకు పెట్టాను.

అరుగు మీద కూర్చున్న ఆయన గబుక్కున లేచి వచ్చారు. "ఆగు. ఎందుకు కొడతన్నావు రెండోది?"

"గాలి దూరాలి కదండీ. గాలి లోపలికెళ్ళకపోతే నూనె బయటికెలా వస్తది?"

ఆయన డబ్బాని చూశారు. రెండో చిల్లు కొట్టాను. నూనె సన్నటి ధారగా దిగింది. "వేలితో ముయ్యి," అన్నారు. మూశాను, ఆగింది. "తియ్యి." తీశాను, పడింది. నాలుగుసార్లు చేయించారు. నూనంతా నా చెయ్యిమీదగా కారుతోంది.

"ట్యాంకు మూతలో చిన్న చిల్లుంటది మరియా, గాలికోసం," అన్నారు. "ఆ పాలిథిను దాన్ని మూసేసింది. నిండా ఉన్నప్పుడు లోపల ఖాళీ ఉండదు, అందుకే తొందరగా బిగుసుకుపోతంది. గంట ఆగితే సందుల్లోంచి కాస్త గాలి దూరతంది. అయ్యగారొచ్చి మూత తీస్తే ఒక్కసారే దూరిపోతంది. ఇంక ఆగడానికేముంది?" తర్వాత నెమ్మదిగా, "ఆయనే బాగు చేస్తన్నాడు, ఆయనే నన్ను తిడతన్నాడు," అన్నారు.

నాకు అప్పుడు తట్టినది ఆయనకి చెప్పలేదు. ఈయన దొంగ అయ్యుంటే మొదటిరోజే దొరికేది ఈ జబ్బు. డీజిలు లాగుదామని సీలు తీసిన ఏ డ్రైవరుకైనా బండి వెంటనే అంటుకునేది. చెయ్యి వెయ్యొద్దంటే వెయ్యని మనిషి గనక రెండు నెలలు వంతెన మీద కూర్చున్నారు.

సోమవారం మాణిక్యాలరావుగారు నిండా పోయించి సీలు వేశారు. ఊరికే చెబితే నమ్మరు, ఆగినచోటికే పిలిచి చూపిస్తానన్నారు ఈయన. నేనూ వస్తానన్నాను. ఎవరో ఒకరు చూడాలి కదా అని. గోనె నాకిచ్చి ఆయన స్ప్రింగు మీదే కూర్చున్నారు. వంతెన మీద, సగం కూడా దాటకముందే, బండి దగ్గడం మొదలెట్టింది. పక్కకి తీసి ఆపి దిగాం. మూత మీది పాలిథిను లోపలికి పీక్కుపోయి, పళ్ళూడిన ముసలమ్మ బుగ్గలాగా అతుక్కుని ఉంది.

ఆయన ఫోన్ చేశారు. "అయ్యగారూ, జబ్బు దొరికిందండి. ఒక్కసారి మీరొస్తే..."

"మళ్ళీ అదే కథేంట్రా?" అన్న మాట నాకూ వినబడింది. పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"గంట ఆగుదాం," అన్నారు ఈయన.

"ఇంకెన్నాళ్ళండీ ఈ గంటలు? తీసెయ్యండి. తీస్తే కదా తెలిసేది."

"సీలు మీద చెయ్యి వెయ్యనన్నాను."

"మీరన్నారు. నేనన్లేదు."

జాకెట్టుకున్న పిన్నీసు తీసి ట్యూబు ముడిలోకి దూర్చి లాగాను. లక్క పెళపెళా విరిగి నా అరచేతిలో పడింది. కవరు ఊడగానే మూతలోంచి బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వంగి ఉన్న నా చెవికి స్పష్టంగా వినబడింది. ఆయన ఎక్కి సెల్ఫ్ కొట్టారు. అంటుకుంది.

ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వారు. అంత నవ్వు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. రాజమండ్రిలో బస్తాలు దింపాక నాకు అట్టు తినిపించారు. తిరిగొచ్చే దారంతా, మాణిక్యాలరావుగారు ఏమంటారో, కొండయ్య మొహం ఎలా ఉంటుందో చెబుతూనే ఉన్నారు. లక్కముక్కలు జేబురుమాలులో మూటకట్టి పెట్టుకున్నారు, అదేదో బహుమతి అయినట్టు.

కొట్టు దగ్గర మాణిక్యాలరావుగారితో ఇంకో ఇద్దరు వ్యాపారులు కూర్చుని ఉన్నారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఈయన రుమాలు విప్పి బల్లమీద పెట్టి చెప్పడం మొదలెట్టారు. నూనె డబ్బా, మూతలో చిల్లు, గాలి. రెండు మాటలు కూడా పూర్తి కాలేదు.

"సీలు ఎవడు కోసేడు?" అన్నారు మాణిక్యాలరావుగారు.

"అదేనండి, కొయ్యగానే గాలి..."

"గాలి సంగతి తర్వాత. ఎవడు కోసేడు?"

ఈయన నా వైపు చూశారు. నేను ఒక అడుగు ముందుకి వేశాను. ఈయన కళ్ళతోనే ఆగమన్నారు.

"నేనేనండి," అన్నారు.

పదకొండేళ్ళలో ఈయన మాణిక్యాలరావుగారికి చెప్పిన అబద్ధం అదొక్కటే. దాన్ని మాత్రం ఆయన మారుమాట లేకుండా నమ్మారు.

"విన్నారాండీ?" అన్నారు పక్కవాళ్ళతో. "నేనప్పుడే చెప్పేనా?"

"మళ్ళీ కవరు కట్టండి," అన్నారు ఈయన. "మీరే నా పక్కన కూర్చోండి. వంతెన దాకా వెళ్దాం. ఆగకపోతే నన్ను చెప్పుతో కొట్టండి."

"నీ పక్కన కూర్చుని నీ దొంగతనానికి నన్ను సాక్షిగా పెడతావేంట్రా? తాళాలక్కడ పెట్టు."

తాళాలు పెట్టారు. లక్కముక్కలు కూడా అక్కడే వదిలేసి వచ్చేశారు. ఇంటిదాకా నడిచి వస్తూ ఒక్క మాటే అన్నారు. "నువ్వు కోశావని ఎక్కడా అనకు. ఆడమనిషి పేరు మార్కెట్లో పడకూడదు."

నేను అననన్నాను.

తర్వాత ఎవరూ ఆయనకి బండి ఇవ్వలేదు. అడిగినచోటల్లా, "వంతెన ఎలీషాయా? సీలు కోసినోడు కదా?" అన్నారు. ఆయన కొబ్బరికాయలు వలిచే కూలికి వెళ్ళారు. నేలలో పాతిన ఇనపమొన మీద కాయ గుచ్చి పైనున్న పీచు డొక్క ఊడదియ్యడం అది. చిన్నప్పటినుంచీ చేసినవాళ్ళు రోజుకి వెయ్యి కాయలు వలుస్తారు. ఈయనకి మూడొందలు దాటేవి కాదు. స్టీరింగు పట్టిన చేతులు వారానికే చీలిపోయాయి. నేను వెన్న రాస్తే, "వద్దులే, మొన జారుద్ది," అనేవారు.

పికప్ మీదికి ప్రకాష్ అనే అతన్ని పెట్టుకున్నారు. మంచివాడే. ఒకరోజు మా ఇంటిముందు బండి ఆపి, ఇంజను ఆపకుండానే దిగి వచ్చాడు.

"ఎలీషన్నా, నాకు ఒక్కసారి కూడా ఆగలేదు బండి."

"ఎలా ఆగుద్ది? సీలు లేదా ఇప్పుడు?"

"ఉంది. పాలిథినూ ఉంది. నువ్వెళ్ళిన రెండోరోజే అయ్యగారు గోనెసూది తెచ్చి, పాలిథినుకి తనే చిల్లు పెట్టేరు. నేను పక్కనే ఉన్నాను."

చిల్లు పెట్టారంటే మాణిక్యాలరావుగారు నమ్మినట్టే. ఈయన చెప్పిందంతా నిజమేనని ఆయనకి తెలుసు. అది చాలు అనుకున్నారు పిచ్చిమనిషి. మర్నాడు శుభ్రమైన చొక్కా వేసుకుని కొట్టుకి వెళ్ళారు.

"ఆయ్, చిల్లు పెట్టేరంట కదండీ," అన్నారట.

"కవరు మీద వాననీళ్ళు నిలవకుండా పెట్టేన్రా. దానికీ నీకూ ఏంటి సంబంధం?" అన్నారట మాణిక్యాలరావుగారు. తర్వాత పక్కనున్నవాళ్ళకి, "వీడెళ్ళేక బండి ఒక్కరోజు ఆగలేదండీ. అదీ సంగతి," అని కూడా అన్నారట. ఇవి ఈయనే చెప్పారు, ముఖం గోడవైపు తిప్పుకుని.

మార్గశిరంలో ఒక ఉదయం కాయలు వలుస్తూ వలుస్తూ మంచినీళ్ళు తాగుతానని పక్కకెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. యాభై ఒక్కేళ్ళు.

పదో రోజున ఇంటిముందు పందిట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, పోయినవారి గురించి తెలిసినవాళ్ళు రెండు మాటలు చెప్పండి అంటారు మాలో. ఈయన మేనత్త కొడుకు చెప్పాడు. మాణిక్యాలరావుగారు కూడా వచ్చారు. ఆయన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన లేచి కండువా సర్దుకున్నారు.

"ఎలీషా నా దగ్గర పదకొండేళ్ళు చేసేడు. నెమ్మదస్తుడు. తాగుడు లేదు. మనిషన్నాక ఎక్కడో ఒక చిన్న పొరపాటు చేస్తాడు. చేసేడు. నేను ఆనాడే క్షమించేశాను. దేవుడు కూడా క్షమించాలని కోరుకుంటున్నాను."

"ఆమెన్," అన్నారు అందరూ.

నేను కూడికల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు ఎలా లేచానో నాకు తెలియదు.

"ఆ సీలు కోసింది ఆయన కాదండి. నేను. నా పిన్నీసుతో కోసేను," అన్నాను. "ఆయన వద్దన్నారు. నా పేరు రాకూడదని మీ దగ్గర ఆయన మీదేసుకున్నారు. మీరు క్షమించింది ఏ తప్పునండీ? బండి ఆగిందని చెప్పడమా? ఆగేదని మీకు తెలియకపోతే గోనెసూదితో చిల్లెందుకు పెట్టేరు?"

ప్రకాష్ వెనక వరసలో ఉన్నాడు. నేను అతని వైపు చూశాను. తల దించుకున్నాడు. అతనికీ ఇల్లుంది, నేను తప్పు పట్టను.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా. పోయినవాడు పోయేడు," అన్నారు మాణిక్యాలరావుగారు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. పాట మధ్యలోనే మాణిక్యాలరావుగారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

బేబి వంటల దగ్గర నన్ను పట్టుకుంది. "అంత పెద్దమనిషి ఇంటికొచ్చి మెతుకు ముట్టకుండా వెళ్ళిపోయేడు. నీ కడుపు చల్లబడిందా వదినా?"

"లేదు," అన్నాను. అన్నం గంప ఎత్తుకుని భోజనాల బంతి దగ్గరికి వెళ్ళాను.

ఇది జరిగి నెలన్నర. మొన్న రేషను బియ్యానికి వెళ్ళాను. నా ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూడలేదు. మార్కెట్లో అనుకున్నదే వాళ్ళూ అనుకుంటున్నారు.

"ఒక్కడే అనుకున్నాం కదే. కాదంట. మొగుడూ పెళ్ళాం కలిసే సీలు కోసి డీజిలు తీసేవోరంట. ఆవిడే కూడికలో అందరిముందూ ఒప్పేసుకుందంట."

"అమ్మో, నోట్లో నాలుకలేనట్టుంటది!"

నా వంతు వచ్చింది. బియ్యం పోయించుకుని సంచి మూతి కట్టుకున్నాను. వాళ్ళు నన్ను చూసి పక్కకి జరిగారు, "వెళ్ళండి అక్కా," అని మర్యాదగా దారి ఇచ్చారు.

వచ్చేటప్పుడు ఆయన్నే తలుచుకున్నాను. తన మీదున్న మాట పోలేదని ఆయన అంతగా బాధపడేవారు కాదు, దానికి అలవాటుపడ్డారు. నా పేరు కూడా అందులో పడిందని బాధపడేవారు. అదొక్కటే కదా ఆయన నన్ను అడిగింది.